వాకిట్లో రంపపు బల్ల కాలు

పలకల ఫ్యాక్టరీలో నా ఎదుట నన్ను ‘మెకానిక్ మామ’ అనేవాళ్ళు. నేను అటు తిరగ్గానే ‘అనుమానం మేస్త్రి’ అనేవాళ్ళు. రెండూ నా చెవిన పడేవి. నిజం చెప్పాలంటే రెండో పేరే నాకు సరిగ్గా సరిపోయింది. మార్కాపురం పలకల చుట్టూ బిగించే చెక్క ఫ్రేములు కోయడానికి వరసగా రంపాలుండేవి. అవి మొరాయిస్తే బాగుచేయడం నా ఉద్యోగం. ‘నేనేం చెయ్యలేదు మామా, దానంతటదే ఆగిపోయింది’ అని ఎవడైనా వచ్చాడంటే, నేను మిషను దగ్గరికి వెళ్ళేముందు వాడి చేతివేళ్ళు చూసేవాణ్ణి. స్పానరు పట్టినవాడి వేళ్ళు తెలిసిపోతాయి. వాడి మాట నమ్మి మిషను విప్పినరోజు నాకు ఒక పూట దండగ, వేళ్ళు చూసి విప్పినరోజు టీ తాగే లోపల పని అయిపోయేది.

ఇప్పుడు మీలాంటి కుర్రాళ్ళు ఇంటిపక్కన రేకుల షెడ్డు వేసుకుని, చిన్న రంపపు బల్ల కొనుక్కుని, ఫోనులో చూసి దాని పట్టాలు మీరే పొడిగించుకుంటున్నారు. సంతోషం. నా దగ్గరికి వచ్చి ఎంత లావు యాంగిల్ ఇనుము వెయ్యాలి, బోల్టులు ఎంత దూరంలో పెట్టాలి అని అడుగుతారు. అది చెప్పడం ఎంతసేపు. మీరు అడగనిది ఒకటుంది. ఫ్యాక్టరీ నుంచి దిగిపోయే ముందు, నా చివరి ఎండాకాలంలో, అచ్చంగా ఇలాంటి పనిలోనే నేను తలబొప్పి కట్టించుకున్నాను. అది చెబుతాను.

తర్లుపాడు దాటి కంభం వైపు పోతుంటే ఒక ఊరుంది. పేరు వద్దు, మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ ఊరివాడు ఒకతను మా ఫ్రేముల సెక్షన్లో వడ్రంగిగా చేసేవాడు. పలకలకు గిరాకీ తగ్గి సెక్షను సగం మూసేసినప్పుడు బయటికి వచ్చేసి, ఒక పాత రంపపు బల్ల కొని ఇంట్లో పెట్టుకున్నాడు. కుర్చీలు, కిటికీ రెక్కలు చేసుకుంటూ ఏదో నెట్టుకొస్తున్నాడు. ఉన్నట్టుండి పొదిలిలో ఒక కొత్త ఇంటికి అలమరాలన్నీ చేసే పని వచ్చింది. గృహప్రవేశం లోపల బిగించాలి.

“ఇది కుదిరితే ఇంక నాలుగిళ్ళు చూపిస్తామన్నారు మామా. కుదరకపోతే రంపం అమ్మేసి హైదరాబాదు పోయి ఎవడి కిందనో కూలికి చేయాల్సిందే” అన్నాడు, ఫ్యాక్టరీ గేటు దగ్గర నన్ను పట్టుకుని.

అతని కష్టం ఏమిటంటే, అలమరాలకు ప్లైవుడ్ షీట్లు వెడల్పుగా కోయాలి. రంపపు బల్లకు ముందు అంచున ఒకటి, వెనక అంచున ఒకటి ఇనప పట్టాలుంటాయి. వాటి మీద గైడు అటూ ఇటూ జరుగుతుంది. చెక్క అంచును గైడుకు ఆనించి తోస్తే బ్లేడు తిన్నగా కోస్తుంది. గైడు బ్లేడుకు ఎంత దూరం జరగగలిగితే అంత వెడల్పు చెక్క కోయగలం. అతని బల్ల పట్టాలు పొట్టివి. వాటిని కుడివైపుకు పొడిగించాలి, పొడిగించిన చోట పైన పలక వేయాలి, చివర కింద ఒక కాలు పెట్టాలి. మీ అందరికీ తెలిసిన పనే.

నేను ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. చూడగానే అడిగాను: “ఆ కాలు పడేది ఎవరి జాగాలో?”

అతను తల గోక్కున్నాడు. అప్పుడే నాకు అనుమానం మొదలైంది.

సంగతి ఇది. ఆ ఇల్లు అన్నదమ్ములిద్దరిది, మన వడ్రంగి తమ్ముడు. తండ్రి పోయాక పెద్దమనుషులు వచ్చి ఇంటిని మధ్యకి పంచారు. వాకిట్లో మాత్రం గోడ పెట్టలేదు. ఇంటి మధ్య స్తంభం నుంచి రోడ్డు మీది కరెంటు స్తంభం దాకా ఒక గీత ఉన్నట్టు అనుకోండి అని చెప్పి, భోంచేసి వెళ్ళిపోయారు. గోడ ఉంటే గొడవ గోడతోనే పోతుంది. అనుకోమన్న గీత ఎవడి మనసులో వాడికి కావలసినట్టు జరుగుతూ ఉంటుంది. తమ్ముడి షెడ్డు సరిగ్గా ఆ గీత అంచున ఉంది. బల్లను అడ్డం తిప్పి పెడదామంటే షీటు ముందుకు తోయడానికి, వెనక నుంచి తీసుకోవడానికి స్థలం చాలదు. ఉన్నచోటే పొడిగిస్తే కాలు అన్న సగంలో దిగుతుంది.

అన్నకు గొర్రెలున్నాయి, కొంచెం మెట్టపొలం ఉంది. పగలంతా గొర్రెల వెంట తిరిగేవాడు, సాయంత్రం వాటిని వాకిట్లోనే ఒక మూల దడిలో పెట్టేవాడు. నేను వెళ్ళి అడిగితే చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

“వాడు అడగడు, నిన్ను పంపినాడా? ఈరోజు కాలు పెడతాడు. రేపు దాని మీద బల్లంటాడు. ఎల్లుండి ఆ బల్ల కింద జాగా నాదే గదా అంటాడు. నాకు తెలవదా మామా?”

“ఇనప కాలు అల్లుడూ. వద్దనుకుంటే ఎత్తి అవతల పెట్టొచ్చు.”

“అయితే నా వాకిట్లో సిమెంటు పడకూడదు. పడిందంటే అది ఇంక లేవదు. నేను తియ్యమన్న రోజు తియ్యాల. ఒప్పుకుంటే పెట్టుకో.”

నేను ఒప్పుకున్నాను. ఇంత తేలిగ్గా సరేనన్నాడేమిటా అని దారంతా అనుమానపడుతూనే వచ్చాను. నన్ను చూస్తే అన్నకు తమ్ముడి మనిషిలా, తమ్ముడికి ‘అన్నతో అంతసేపు ఏం మాట్లాడినాడో’ అన్నట్టు ఉంది. ఆ ఇంట్లో మంచినీళ్ళు ఎవరి కుండలోవి తాగాలో కూడా ఆలోచించాల్సి వచ్చింది.

పని మాత్రం బాగా చేశామని ఇప్పటికీ చెబుతాను. ఫ్యాక్టరీలో నాతో పనిచేసి, తర్వాత సొంతంగా షాపు పెట్టుకున్న వెల్డరు ఒకతను పట్టాలు తయారుచేశాడు. నోటి నిండా వక్కపొడి వేసుకుని పని చేస్తాడు, మాట్లాడడు. పాత పట్టా, కొత్త పట్టా కలిసే చోట గోరుతో గీకితే గోరు తట్టుకోకూడదు. తట్టుకోలేదు. సిమెంటు వద్దన్నాడు కాబట్టి, కాలు కింద ఒక పలకరాయి పరిచి, దానిమీద కాలి పాదం ఆనించాం. రసమట్టం పెట్టి చూస్తే గాజులో బుడగ నడిమికి వచ్చి నిలబడింది. షీటు కోస్తే అంచుకు మూలమట్టం పెట్టినా సందులోంచి వెలుతురు రాలేదు. తమ్ముడు ఆ కోసిన అంచును అరచేత్తో నిమిరి నిమిరి చూసుకున్నాడు.

అన్న భార్య వెల్డరుకూ నాకూ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమె భర్త నన్ను మామా అంటాడు గనుక ఆమెకు నేను చిన్నాయన వరస.

“ఈ రంపం పొట్టంతా గాలికి మా వైపే వస్తాంది చిన్నాయనా. గొర్రెల తొట్లో పడతాంది, వంటింట్లో పడతాంది” అంది.

“ఏం చేద్దామమ్మా, రంపం అన్నాక పొట్టు రాకుండా ఉంటదా” అన్నాను.

“రాకుండా ఉండదులే. నేనే ఏదో ఒకటి చూసుకుంటా” అంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం అప్పుడు గుర్తుపెట్టుకోలేదు.

వారం తిరగక ముందే ఫోను వచ్చింది. “మామా, కోత వంకర పోతాంది.”

వెళ్ళి చూశాను. కొత్త పలక చివర నూలు మందం, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, కిందికి దిగింది. దాని మీద గైడు వాలింది, షీటు ఊగుతోంది. కోసిన అంచు ఏటవాలుగా వస్తోంది. అంతకన్నా భయపడాల్సింది వేరే ఉంది. షీటు అలా ఊగితే బ్లేడుకూ గైడుకూ మధ్య బిగుసుకుంటుంది, బిగుసుకుంటే బ్లేడు దాన్ని తోసేవాడి మీదికే విసురుతుంది. నేను నట్లన్నీ తడిమి చూశాను. బిగువుగానే ఉన్నాయి. ఎవరో కాలు జరిపి ఉంటారనుకుని, పాదం కింద రేకుముక్క దూర్చి మళ్ళీ మట్టం చేశాను. వచ్చేముందు ప్రతి నట్టు మీదా, దాని పక్క ఇనుము మీదా కలిపి ఎర్ర రంగుతో ఒక గీత గీశాను. నట్టు తిప్పితే గీత విరిగి కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో నాకు దొంగల్ని పట్టించిన గీత అది.

తర్వాతి ఆదివారం మళ్ళీ పలక దిగింది. ఎర్ర గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. రేకుముక్క పెట్టిన చోటే ఉంది.

మామూలు మనిషైతే ఇక్కడ ‘ఎవరూ ముట్టుకోలేదన్నమాట’ అనుకుంటాడు. నేను అనుమానం మేస్త్రిని. ‘ఎవడో నట్టు విప్పి, పలక దించి, మళ్ళీ గీత కలిసేలా బిగించినంత తెలివైనవాడు’ అనుకున్నాను. అంత తెలివి ఎవరికుందా అని వెతకడం మొదలుపెట్టాను.

మొదట గొర్రెల మీద పడ్డాను. ఒక పొట్టేలు రోజూ ఆ కాలుకు ఒళ్ళు రుద్దుకుంటోందని తమ్ముడు చెప్పాడు. అన్నను అడిగి దడి అవతలికి మార్పించాం. అన్న మార్చాడు గానీ ‘నా పొట్టేలును కూడా మీరే అదుపు చేస్తారా’ అన్నట్టు చూశాడు. పలక మళ్ళీ దిగింది. తర్వాత వెల్డరు మీద పడ్డాను. యాంగిల్ పలచటిది వేసి వంగిపోతుంటే మాట దాస్తున్నాడేమో అని, అతని షాపులో మిగిలిన ముక్క తీసి కొలిచాను. అతను వక్కపొడి పక్కన ఉమ్మి, చాలా రోజుల తర్వాత నోరు తెరిచాడు. “కొలిచినావు గదా. ఇంక నా మొహం కూడా కొలువు” అన్నాడు. యాంగిల్ సరిగ్గానే ఉంది.

అప్పుడు అన్న మీదికి మళ్ళాను. కారణం ఉంది, అవకాశం ఉంది, జాగా అతనిది. కానీ కొన్నాళ్ళకు తమ్ముడి మీద కూడా అనుమానం వచ్చింది. తనే దించి, అన్న మీద పెట్టి, ఊళ్ళో నలుగురినీ పిలిపించి ఆ కాలు కింద జాగా శాశ్వతంగా రాయించుకోవాలని చూస్తున్నాడేమో. ఇలాంటివి మన వైపు వినలేదా? నేను అతనికి పని చేసిపెడుతూ, టీ తాగుతూ, అతని వేళ్ళ వంక చూశాను. చూసినందుకు సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. అది నా ఉద్యోగం.

ఆ వారంలోనే బ్లేడు షీటును విసిరింది. అది పొట్టమీద తగిలి తమ్ముడు వెనక్కి పడ్డాడు. ఎముక విరగలేదు గానీ చొక్కా ఎత్తితే కమిలిన మచ్చ అరచెయ్యంత ఉంది. అలమరాల పని అక్కడే ఆగింది. పొదిలి నుంచి రోజూ ఫోన్లు. నొప్పి, భయం, కోపం అన్నీ కలిసి అతను వాకిట్లో నిలబడి అనేశాడు.

“నన్ను చంపాలని చూస్తన్నావా అన్నా? కాలు నువ్వే దించుతాండావు. తియ్యమంటే తీసేస్తా గదా, ఇట్ల చేసేదేంది?”

అన్న తిట్టలేదు. అది నాకు ఇంకా అనుమానంగా తోచింది. మర్నాడు ట్రాక్టరులో గోడరాళ్ళు దిగాయి. వాటి పక్కన సిమెంటు బస్తాలు దిగాయి. గోడ కట్టే తాపీమేస్త్రిని మాట్లాడాడు.

“గీత మీద గోడ కడతా. ఆదివారం పొద్దున దారం పట్టిస్తా. నీ కాలు ఆ లోపల తీసుకో. ఇంక ఎవరు ఎవరిని చంపేదీ ఉండదు” అన్నాడు.

గోడ వస్తే పట్టాలు పోతాయి. పట్టాలు పోతే పొదిలి పని పోతుంది, దాని వెనక రంపం, దాని వెనక తమ్ముడూ పోతారు. అన్నదమ్ముల మధ్య మిగిలిన ఆ కాస్త వాకిలీ పోతుంది. ఇదంతా నేను పెట్టిన కాలు మీద నిలబడి ఉంది. ఆ ఆదివారం నేను మొదటి బస్సుకే బయల్దేరాను. గోడ ఆపడానికి కాదు, అంత మంచివాణ్ణి కాదు. కాలు దించుతున్నదెవడో ఆఖరి రోజైనా పని చేస్తుండగానే పట్టుకోవాలన్నది నా పట్టుదల. తెల్లవారుతుండగా దిగి, రోడ్డు పక్క గోడరాళ్ళ చాటున నిలబడ్డాను.

ముందుగా ఒక ఆటో వచ్చి తమ్ముడి భార్యను ఎక్కించుకుపోయింది. ఆమె రాళ్ళు పాలిష్ చేసే పనికి వెళ్తుంది, రోజూ అదే వేళకు. తర్వాత అన్న ఇంటి తలుపు తెరుచుకుంది.

వచ్చింది అన్న కాదు. అతని భార్య. చేతిలో పేడనీళ్ళ బకెట్టు. చీపురుతో వాకిలి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊడ్చింది. కల్లాపి చల్లుకుంటూ వచ్చింది. రంపపు బల్ల దగ్గరికి రాగానే కొంగుతో పట్టాల మీది దుమ్ము తుడిచింది. తర్వాత కాలు చుట్టూ పడిన పొట్టు లేవకుండా బకెట్లో మిగిలిన నీళ్ళన్నీ అక్కడే కుమ్మరించింది. ఇంకో బకెట్టు తెచ్చుకుని మిగతా వాకిలి కూడా చల్లింది. ఆమె ముగ్గు కూడా పెట్టింది. కాలి పాదాన్ని నడిమిన పెట్టుకుని, దాని చుట్టూ తిప్పుకుంటూ పెట్టింది.

ఆమె లోపలికి వెళ్ళాక నేను పోయి రసమట్టం పెట్టాను. బుడగ నా కళ్ళ ముందే పక్కకు జరిగింది. పలకరాయి కింద మన్ను మెత్తగా బురదయి ఉంది. నేను వచ్చే వేళకు ప్రతిసారీ ఎండ దాన్ని గట్టిగా ఎండబెట్టేసేది. నట్లు చూశాను, యాంగిల్ కొలిచాను, పొట్టేలును దూరం పెట్టించాను, మనుషుల వేళ్ళు చూశాను. కాలు దేని మీద నిలబడి ఉందో ఆ నేలను మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు.

“ఏంది చిన్నాయనా, ఇంత పొద్దున్నే?” అని వెనకనుంచి ఆమె గొంతు. “రాళ్ళ చాటున ఎవరో నిలబడినారే అనుకున్నా. నువ్వేనా?”

“బస్సు తొందరగా వచ్చిందమ్మా.”

“కూర్చో, టీ తెస్తా.”

టీ చల్లారేదాకా చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. దోషి దొరికితే సంతోషపడాలి. ఈ మాట ఎలా చెప్పేది? ‘మీ ఆవిడే’ అంటే అన్నకు అవమానం. ‘మీ వదినే’ అంటే, చెప్పి చేయించావని తమ్ముడు అన్న మీద పడతాడు. పైగా అన్నీ తెలిసిన మెకానిక్‌ను పిలిపిస్తే ఆడమనిషి మీద నెట్టాడని ఊరంతా నన్ను ఆడిపోసుకుంటుంది. చెప్పకుండా ఊరుకుంటే గోడ లేస్తుంది.

మేస్త్రి రానే వచ్చాడు, దారపు ఉండ జేబులోంచి తీశాడు. అన్న వచ్చాడు. తమ్ముడు పొట్ట పట్టుకుని షెడ్డులోంచి వచ్చాడు.

“దారం పట్టేముందు నాకు కాసేపు టైమియ్యండి” అన్నాను. “కాలు ఎవరు దించుతున్నారో మీ ఇద్దరికీ చూపిస్తా.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను పాదం కింద ఇంకో రేకు పెట్టి మట్టం చేశాను. బల్ల మీద రెండు షీట్లు ఎత్తి పెట్టించాను. రసమట్టం పలక చివర ఉంచి, “ఇద్దరూ బుడగ చూడండి, కళ్ళు తిప్పొద్దు” అని, తొట్టిలోంచి బిందెడు నీళ్ళు తెచ్చి నేనే కాలు చుట్టూ పోశాను.

అన్నదమ్ములు తల పక్కన తల పెట్టి వంగి చూస్తున్నారు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత బుడగ మెల్లగా కదిలింది. గీత దాటి అవతలికి పోయింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

“నీళ్ళకే దిగతాంది” అన్నాడు అన్న.

తమ్ముడు నిటారుగా లేచాడు. “పొద్దున్నే ఈడ నీళ్ళు పోసేదెవరు? వదినే గదా” అన్నాడు. నేను దేనికి భయపడ్డానో అదే అతని నోట వచ్చింది. “నువ్వు చెప్పకుండా పోస్తాదా అన్నా?”

అన్న తన భార్య వంక తిరిగాడు. అతని చూపు చూస్తే అతనికీ అనుమానం వచ్చిందని నాకు అర్థమైంది. మేస్త్రి దారం వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు.

ఆమె గడపలో నిలబడి అంతా వింది. దిగి వచ్చింది.

“నేనే పోసినా. పొట్టు లేవకుండా పోసినా. వాకిలి అన్నాక చల్లకుండా ఎట్ల ఉంటారు? మీ కాలికి నీళ్ళు పడవని నాకెవరు చెప్పినారు? ఇద్దరూ గీత ఈడుంది, ఆడుంది అని కొట్టుకుంటాండారే గాని, నాకొక మాట చెప్పినారా?”

అన్న మేస్త్రి చేతిలోని దారం వంక చూశాడు. ఆమె అది గమనించింది.

“కట్టండి గోడ. నాకు సగం పని తప్పుతాది” అని తమ్ముడి వైపు తిరిగింది. “నీ పెళ్ళాం తెల్లారకముందే పనికి పోతాంది. నీ గడప ముందర రోజూ ముగ్గు ఎవరు పెడతాండారనుకున్నావు? రేపట్నుంచి గోడ అవతల నువ్వు చల్లుకో.”

తమ్ముడు తన గడప వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కడ ఆ పొద్దున పెట్టిన ముగ్గు ఇంకా తడిగా ఉంది. రాళ్ళ చాటునుంచి ఆమె వాకిలి మొత్తం చల్లడం నేను కళ్ళారా చూశాను కదా. గీత దగ్గర ఆమె ఆగకపోవడం కూడా చూశాను. నాకు కాలు తప్ప ఇంకేం కనిపించలేదు. అతనేమో ఇన్నాళ్ళూ ఆ ముగ్గు తొక్కుకుంటూనే రంపం దగ్గరికి వెళ్ళాడు.

“వదినా” అన్నాడు.

అన్న చాలాసేపు ఆ బురదను, దాని చుట్టూ చెదిరిన ముగ్గును చూశాడు. తర్వాత మేస్త్రిని కసిరాడు.

“ఏంది చూస్తాండావు? దారం జేబులో పెట్టు. ముందు ఆ కాలు కింద గుంట తియ్యి.”

“సిమెంటు వద్దన్నావు గదా” అన్నాడు తమ్ముడు, నమ్మలేక.

“అప్పుడన్నా. ఇప్పుడు పొయ్యమంటాండా. నా వాకిట్లో, నా సిమెంటు. కాలు నాది, బల్ల నీది. ఇంక దాన్నెత్తుకొని హైదరాబాదు ఎట్ల పోతావో నేనూ చూస్తా.”

ఆ మాటలో ప్రేమ ఎంత, పంతం ఎంత అని నేను బస్సులో కూర్చుని ఆలోచించాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. మేస్త్రి గుంట తీసి, కాలు నిలబెట్టి, కాంక్రీటు పోశాడు. గట్టిపడేదాకా తడి ఆరనివ్వకూడదని, పొద్దునా సాయంత్రం నీళ్ళు పట్టాలని అందరికీ వినపడేలా చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి ఆమె వంక చూశారు.

మరుసటి ఆదివారం వెళ్ళి పట్టాలు బిగించాను. తమ్ముడు షీటు తోస్తుంటే, అవతల అన్న తన సగంలో నిలబడి దాని బరువు పట్టుకున్నాడు. మూలమట్టం కింద వెలుతురు రాలేదు. పొదిలి అలమరాలు గృహప్రవేశానికి అందాయి. గోడరాళ్ళతో గొర్రెలకు కొత్త తొట్టి కట్టారు.

అయినా నాకు నమ్మకం చాలలేదు. కొన్నాళ్ళు పోయాక, ఎవరికీ చెప్పకుండా, మళ్ళీ మొదటి బస్సుకు పోయాను. ఈసారి రాళ్ళు లేవు కాబట్టి చాటు లేదు. ఆమె బకెట్టుతో వాకిట్లోనే ఉంది. కాలు చుట్టూ నీళ్ళు పోస్తోంది.

“కాంక్రీటు ఎప్పుడో గట్టిపడిందమ్మా. ఇంక దానికి నీళ్ళు అక్కర్లేదు” అన్నాను.

“కాలికి అక్కర్లేదు చిన్నాయనా. వాకిలికి కావాల గదా” అని, బకెట్టు ఎత్తుకుని తమ్ముడి గడప వైపు చల్లుకుంటూ పోయింది.

నేను సంచిలోంచి రసమట్టం తీసి పలక చివర పెట్టి, ఆమె వాకిలంతా చల్లి ముగ్గు ముగించేదాకా అక్కడే నిలబడి చూశాను. బుడగ కదల్లేదు.